వినికిడి యంత్రముతో సెల్ ఫోనులో మాటలాడుట ఎట్లు?

ధర్మపురి పట్టణమందును, చుట్టుప్రక్కల గ్రామములందును తెలుగు మాటలాడు కుటుంబములలో వయసు వచ్చిన బిడ్డలు పనులకై బెంగుళూరునకో, హోసూరునకో, తిరుప్పూరునకో వెడలుట నేడు సామాన్యమైపోయినది. ఇంటిపట్టున మిగులువారు వృద్ధులు, బడికి పోవు పిల్లలు. క్షేమసమాచారములు, పెండ్లి పిలుపులు, పండుగ పలకరింపులు అన్నియు సెల్ ఫోను మీదనే జరుగుచున్నవి. కాని చెవి మందగించిన పెద్దలకు మొట్టమొదట దూరమగునది ఆ ఫోనే. ఎదుట కూర్చున్నవారి మాటను పెదవుల కదలికను బట్టి కొంత గ్రహింపగలవారు సైతము ఫోనులో ఒకటి అడిగిన మరియొకటి చెప్పుదురు. అవతలివారు నవ్వుదురు, లేదా విసుగుకొందురు. కొన్నాళ్లకు ఆ పెద్దలు ఫోను మ్రోగినను ఎత్తుట మానివేయుదురు.

గత సంవత్సరము మా ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు మాతో ఇట్లనెను: "సార్, మా అవ్వకు చెవి మిషను ఇచ్చినారు. ఇంట్లో మాటలు బాగానే వింటుంది. ఫోను చెవికి పెట్టుకుంటే మాత్రం మిషను ఈల వేస్తుంది. అందుకని తీసి డబ్బాలో పెట్టేసింది." ఫోనును ఎక్కడ ఆనించుచున్నదని మేము అడిగితిమి. అందరివలెనే చెవి రంధ్రమునకు గట్టిగా అదిమి పెట్టుచున్నదని తెలిసినది. ఫోనును కొంచెము పైకి జరిపి, చెవి వెనుకనున్న యంత్రమునకు చేరువగా, తాకీ తాకకుండ పట్టుమని చెప్పి పంపితిమి. రెండు దినముల పిమ్మట బాలుడు వచ్చి, "అవ్వ మా అత్తతో పావుగంట మాట్లాడింది, సార్" అనెను. యంత్రము మారలేదు, ఫోను మారలేదు, పట్టుకొను చోటు మాత్రమే మారినది. ఇట్లు డబ్బాలలో మూలుగుచున్న యంత్రములు మరి ఎన్ని ఇండ్లలో నున్నవో యను తలంపే ఈ వ్యాసమునకు కారణము.

ముందుగా వినికిడి యంత్రము చేయు పనిని తెలిసికొందము. దానియందు ముఖ్యముగా మూడు భాగములు కలవు. మైకు శబ్దమును గ్రహించి విద్యుత్ సంకేతముగా మార్చును. వర్ధకము ఆ సంకేతమును పెంచును. చిన్న స్పీకరు దానిని మరల శబ్దముగా మార్చి చెవిలోనికి పంపును. నేటి యంత్రములలో నడుమ ఒక సూక్ష్మమైన గణకము కూడ ఉండి, ఆ మనిషి చెవికి ఏ స్వరము ఎంత తక్కువగా వినబడునో అంతమేరకే పెంచును. కనుకనే ఒకరి యంత్రము మరియొకరికి పనికిరాదు. చెవి వెనుక తగిలించుకొను యంత్రమునకు మైకు పైభాగమున, చెవి అంచు దగ్గర నుండును. ఈ ఒక్క విషయము తెలిసినచో సగము చిక్కు విడిపోవును. యంత్రము ధరించినవానికి వినెడి ద్వారము చెవి రంధ్రము కాదు, ఆ మైకు. ఫోను మాటను చూపవలసినది దానికే.

టెలిఫోనునకును చెవిటితనమునకును ఆదినుండి సంబంధము కలదు. 1876వ సంవత్సరము మార్చి 7వ తేదీన టెలిఫోనునకు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వృత్తిచేత బధిరుల ఉపాధ్యాయుడు. ఆయన తల్లికి వినికిడి బహుస్వల్పము. ఆయన వివాహమాడిన మేబెల్ బాల్యమున జ్వరము వలన వినికిడిని కోల్పోయినది. అట్టివాడు కనిపెట్టిన సాధనము లోకమంతటికి ఉపకరించినను, ఆయన ఇంటివారికే చాలకాలము నిరుపయోగమైనది. ఆ కొరతను తీర్చుటకు తరువాతివారు చేసిన యత్నముల ఫలితములే మనము ఇచ్చట చెప్పుకొనబోవు ఉపాయములు.

ఎదుటి మాటకంటె ఫోను మాట ఏల కష్టము? పెదవులు కనబడవు అనునది ఒక కారణము. రెండవ కారణము సులభముగా తోచనిది. పాతపద్ధతి టెలిఫోను మన కంఠధ్వనిని పూర్తిగా మోయదు. సెకనునకు సుమారు 300 నుండి 3400 కంపనముల వరకు గల భాగమును మాత్రమే పంపును. అచ్చులకు ఇది చాలును. కాని సకారము వంటి ఊదుధ్వనుల బలము 4000 కంపనములకు పైన ఉండును. అందుచేత 'సాకు' అన్నది 'ఆకు' వలెను, 'సంత' అన్నది 'అంత' వలెను వినబడుట కలదు. వయసుతో వచ్చు చెవుడు కూడ మొదట ఈ హెచ్చు కంపనములనే అపహరించును. ఇట్లు ఫోను కొంత కోయగా, చెవి కొంత కోయగా, మిగిలిన మాట ఎముకల గూడువలె నిలుచును. మన తెలుగు అజంతభాష యగుటచేత పదముల చివరి అచ్చులు స్పష్టముగానే వినబడును. కాని అర్థభేదమును తెలుపునవి హల్లులు. 'పాలు', 'కాలు', 'తాలు' అను మూడింటికి తేడా మొదటి హల్లే గదా! 4జీ మార్గమున పోవు వోల్టీ మాటలలో 7000 కంపనముల వరకు ధ్వని పోగలదు. ఇరువైపుల ఫోనులును, కంపెనీల ఏర్పాటును అందుకు అనుకూలింపవలెను. కనుక ఫోను అమరికలలో వోల్టీ తెరచియున్నదో లేదో చూచుట మొదటి పని. దీనికి ఖర్చు లేదు.

ఇక ఈల సంగతి. యంత్రపు స్పీకరునుండి వెలువడిన శబ్దము చెవిలోనుండి కొంత బయటికి జారి, ఫోను పలకకు తగిలి, మరల మైకులో పడును. వర్ధకము దానిని మరల పెంచును. ఈ చక్రము తిరుగుచుండగా ఈల పుట్టును. ఉత్సవ మంటపములలో మైకును స్పీకరుకెదురుగా పెట్టినపుడు పుట్టు కూత ఇదియే. ఫోనును గట్టిగా అదుముటచేత ఈల హెచ్చునేకాని తగ్గదు. వ్రేలి వెడల్పు ఎడము ఉంచి, ఫోనును కొంచెము వాలుగా, మైకు వైపునకు పట్టవలెను. చెవిలోపల అమర్చు చిన్నయంత్రమైనచో మైకు చెవి ద్వారముననే ఉండును గనుక ఫోనును అక్కడనే, వాలుగా పట్టవలెను. ఇట్లు చేసినను ఈల మానకున్నచో చెవి అచ్చు వదులైనదని గాని, చెవిలో గుబిలి నిండినదని గాని అనుమానింపవలెను. ఎదుగుచున్న బాలబాలికలకు చెవి పెరుగును గనుక అచ్చును అప్పుడప్పుడు మార్చవలసియుండును.

రెండవ ఉపాయము స్పీకరు మీట. నిశ్శబ్దమైన గదిలో ఫోనును బల్లమీద నుంచి, ఒక అడుగు దూరమున కూర్చుండి, రెండు చెవుల యంత్రములతోను వినుట చాలమందికి మేలుగా నుండును. టీవీని, మిక్సీని, పైపంకాను ఆ కొద్దిసేపు నిలుపవలెను. ఇంటిగుట్టు అందరికిని వినబడుననునదే ఇందలి లోపము. ఆసుపత్రి మాటలు, డబ్బు మాటలు వచ్చినపుడు పిల్లలు ప్రక్కకు తొలగిపోవుట మర్యాద.

మూడవది 'టీ' మీట. కొన్ని యంత్రములలో టెలికాయిల్ అను సన్నని తీగచుట్ట ఉండును. ఫోను స్పీకరునుండి శబ్దముతోపాటు స్వల్పమైన అయస్కాంతక్షేత్రము కూడ వెలువడును. మీటను 'టీ' వైపు త్రిప్పగానే మైకు నిలిచిపోయి, తీగచుట్ట ఆ అయస్కాంతపు మార్పులను పట్టి మాటగా మార్చును. చుట్టుప్రక్కల రొద చెవిలో పడదు, ఈలయు పుట్టదు. భౌతికశాస్త్రమున మీరు చదువుకొనిన విద్యుదయస్కాంత ప్రేరణమే ఇది. దీనికిని ఒక నియమము కలదు. ఫోనును మెల్లగా పైకి, క్రిందికి, ప్రక్కకు జరుపుచు మాట స్పష్టముగా వచ్చు స్థానమును వెదకికొనవలెను. ట్యూబులైటు, మోటారు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర నిలిచినచో గుయ్యిమను మోత వచ్చును, అక్కడనుండి తొలగవలెను. మాట ముగిసిన పిమ్మట మీటను మరల 'ఎం' వైపు త్రిప్పుట మరచినచో ఇంటివారి మాట ఏదియు వినబడదు. "మిషను చెడిపోయినది" అని చింతించుటకు ముందు ఈ మీటను చూడవలెను.

కొందరు ఫోనును చెవి దగ్గరకు తెచ్చినంతనే తుమ్మెదరొదవంటి మోత వచ్చుచున్నదందురు. ఇది వారి భ్రమ కాదు. 2జీ పద్ధతిలో ఫోను తన సంకేతమును ఎడతెగక పంపదు. సెకనునకు సుమారు 217 సార్లు తునకలు తునకలుగా పంపును. ఆ రేడియో తునకలు యంత్రపు తీగలలో చిక్కుకొని మోతగా వినబడును. 4జీ మాటలలో ఈ బాధ చాలవరకు తగ్గును. సంకేతము బలహీనముగా నున్నచోట ఫోను హెచ్చుబలముతో ప్రసారము చేయును గనుక మోతయు హెచ్చును. మన జిల్లాలో కొండల చాటున నుండు ఊళ్లవారు ఇంటిలోపల మూలన కాక, వాకిటనో మేడమీదనో నిలిచి మాటలాడి చూడవలెను.

కొత్త ఫోను కొనువారికి ఒక సూచన. అమెరికా దేశమున 1988లో టెలిఫోనులు వినికిడి యంత్రములతో పొసగవలెనని చట్టము చేసిరి. 2003లో ఆ నియమమును సెల్ ఫోనులకును విస్తరించిరి. దానినిబట్టి ఫోనులకు 'ఎం' అను గుర్తుతోను, 'టీ' అను గుర్తుతోను తరగతులు ఏర్పడినవి. ఎం3, ఎం4 అనునవి మైకుతో వినువారికి మోత తక్కువ యని తెలుపును. టీ3, టీ4 అనునవి తీగచుట్టతో వినువారికి అనుకూలమని తెలుపును. అంకె పెద్దదైన మేలు. ఇటీవలి ఫోనులలో ఈ అంకెలకు బదులుగా పొసగును అని మాత్రమే వ్రాయుటయు కలదు. అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష వేరొకటి కలదు. యంత్రము ధరించు మనిషినే దుకాణమునకు తీసికొనిపోయి, అక్కడనే ఆ ఫోనులో మాటలాడించి చూచుట. అవ్వ కొరకు మనుమడు చూచి కొనిన ఫోను మనుమనికే నచ్చును.

నేడు బ్లూటూత్ గల యంత్రములు కూడ వచ్చినవి. వీటిలో ఫోను మాట గాలిలో శబ్దముగా ప్రయాణింపక, రేడియోతరంగముల ద్వారా నేరుగా యంత్రములోనికే వచ్చును. 2014 ప్రాంతమున ఐఫోనులతో నేరుగా కలియు యంత్రములు వెలువడినవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి పలు ఇతర ఫోనులకును ఇట్టి సౌకర్యము కలిగినది. ఏ యంత్రము ఏ ఫోనుతో కలియునో కొనకముందే అడిగి తెలిసికొనవలెను. ఇవి వెలగలవి. ఇవి లేనంతమాత్రమున నిరాశ పడవలదు. పైన చెప్పిన మూడు ఉపాయములు సామాన్య యంత్రములకే.

యంత్రపు పోషణనుగూర్చి కొన్ని మాటలు. చిన్న గుండీవంటి బ్యాటరీలకు రంగు కాగితము అంటించియుండును: 10వ నంబరునకు పసుపు, 312కు గోధుమరంగు, 13కు నారింజ, 675కు నీలము. అవి గాలిని పీల్చి పనిచేయునవి. కాగితము తీసిన వెంటనే మూయక, ఒకటి రెండు నిమిషములు ఆగి యంత్రములో పెట్టవలెను. తలకు నూనె పట్టించునపుడును, స్నానమునకు పోవునపుడును యంత్రమును తీసి పొడిగా ఉంచవలెను. కొబ్బరినూనె మైకు రంధ్రమును పూడ్చివేయును. ఈ బ్యాటరీలను చిన్నబిడ్డలు మ్రింగినచో ప్రాణాపాయము. అట్లు జరిగినదని అనుమానము కలిగినను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఇక తెలుగు ఉపాధ్యాయులముగా మేము నొక్కి చెప్పదలచిన విషయమునకు వత్తుము. వినికిడి తగ్గినవారు ప్రతి అక్షరమును వినరు. సగము వినబడగా, తక్కిన సగమును భాషాజ్ఞానముతో పూరించుకొందురు. బాగుగా తెలిసిన భాషలో ఈ పూరణము తానై జరుగును. అంతగా తెలియని భాషలో జరుగదు. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందుటకు పోయినపుడు, చెవులు చక్కగా నున్నను, అక్కడివారు వేగముగా పలికిన తెలుగే మొదటి వారములలో మాకు జారిపోవుచుండెను. చెవి మందగించినవారి పాటు ఇంకెంత కష్టమో ఊహింపుడు. మన ఇండ్లలో పిల్లలు ఒక వాక్యమును తెలుగులో మొదలిడి తమిళములో ముగించుట అలవాటు. వినువారికి చెవి బాగున్న అందు తప్పులేదు. కాని పుట్టినది మొదలు తెలుగే పలికిన అవ్వకు ఫోనులో నడిమధ్య భాష మారినచో, ఊహ యొక్క త్రాడు తెగిపోవును. ఆమెతో మాటలాడునంతసేపు ఆమె భాషలోనే మాటలాడుట ఖర్చులేని వినికిడి సాధనము.

ఈ కారణముననే వినికిడి పరీక్షకు పోయినపుడు ఇంటిభాష తెలుగని ముందే చెప్పవలెను. పరీక్షలో కొంతభాగము మ్రోతలతో జరుగును. దానికి భాష అక్కరలేదు. మాటలను విని తిరిగి చెప్పు భాగము వేరు. దానికి ఆయా భాషల పదముల పట్టికలు కలవు. తమిళము అంతగా రాని వృద్ధురాలు తమిళపదమును తప్పుగా పలికినచో అది చెవి దోషమో, భాష తెలియకపోవుటయో తేలదు. తోడుగా పోవు మనుమడు ఈ మాట విప్పి చెప్పవలెను.

ఫోనులో మాటలాడు అవతలివారికిని ధర్మములు కలవు. అరవరాదు. చెడిన చెవికి మెల్లని శబ్దము వినబడదు, పెద్ద శబ్దము బాధించును. అరచినందున మాట వికృతమగును. నిదానముగా, తేటగా పలుకవలెను. మొదట తమ పేరు చెప్పి, ఏ విషయమో చెప్పి, పిమ్మట సంగతి చెప్పవలెను. అర్థము కానిచో అదే మాటను పదేపదే చెప్పక, మరియొక మాటతో చెప్పవలెను. ఫోనులో 'ఏభై', 'ఎనభై' అనునవి ఒకటిగనే వినబడును. 'అయిదు సున్న', 'ఎనిమిది సున్న' అని విడదీయవలెను. మాత్రల లెక్క, బస్సువేళ, డబ్బు మొత్తము వంటివి తిరిగి చెప్పించుకొని, వ్రాతసందేశముగా కూడ పంపవలెను. వీలైనపుడు వీడియో పిలుపు మేలు. ముఖముపై వెలుతురు పడునట్లు కూర్చుండిన పెదవులు కనబడును.

2019లో గూగుల్ సంస్థ 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' అను సాధనమును ఆండ్రాయిడ్ ఫోనులకు ఉచితముగా నిచ్చినది. పలికిన మాట అప్పటికప్పుడే తెరపై అక్షరములుగా కనబడును. తెలుగు, తమిళము రెండును అందున్నవి. ఫోను పిలుపునకు దీనిని వాడగోరువారు, పిలుపును స్పీకరులో పెట్టి, ప్రక్కనే రెండవ ఫోనులో ఈ సాధనమును తెరువవలెను. తప్పులు దొర్లును, మందుల విషయమున దానినే నమ్మరాదు. ఇక్కడ మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు కలదు. సాధనము తమిళమునకు అమర్చియుండగా తెలుగు పలికిన అర్థములేని అక్షరములు వచ్చును. తెలుగునకు అమర్చినచో తెలుగు లిపి వచ్చును. ఇంటిలో తెలుగే పలుకుచు, తమిళమున మాత్రమే చదువుకొనినవారు మన జిల్లాలో ఎందరో కలరు. వారికి ఆ లిపి రాదు. తమ భాష తమ కన్నుల యెదుట నడచుచున్నను చదువలేరు. తెలుగు చదువుట, వ్రాయుట పరీక్ష మార్కుల కొరకేనా యని మమ్ము అడుగు తల్లిదండ్రులకు ఇది యొక జవాబు. చెవి మూసికొనిపోయిన నాడు భాష కంటిద్వారా లోనికి రావలసియుండును. అప్పుడు లిపి తెలిసినవానికే ద్వారము తెరచియుండును.

సహాయము పొందు మార్గములు. ధర్మపురి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలోని చెవి, ముక్కు, గొంతు విభాగమున మొదట చూపించుకొనవలెను. కేంద్రప్రభుత్వపు 'అడిప్' పథకము 1981 నుండి వినికిడి యంత్రములు మొదలగు సాధనములను అర్హులకు ఇచ్చుచున్నది. తమిళనాడు ప్రభుత్వపు సహాయములకు జిల్లా కార్యాలయము కలదు; తమిళమున 'మాట్రుత్తిరనాళిగళ్ నల అలువలగం' అని అడిగిన చూపుదురు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము రెండు చెవులందును 60 నుండి 70 డెసిబెళ్ల లోపము గలవారు వినికిడి మందగించినవారు. 70 డెసిబెళ్లు, ఆపైన గలవారు బధిరులు. హెచ్చు పరీక్షలు కావలసినవారికి 1965లో స్థాపింపబడిన మైసూరులోని అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ మనకు మిక్కిలి దూరము కాదు. ముంబయిలో 1983లో వెలసిన జాతీయ సంస్థకు హైదరాబాదువాసియైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టిరి. దాని ప్రాంతీయ శాఖ సికిందరాబాదున కలదు.

విద్యార్థులారా! ఈ వ్యాసము చదివిన సాయంకాలము మీ ఇంటిలోనో, ప్రక్క ఇంటిలోనో పెట్టెలోనున్న వినికిడి యంత్రమును గూర్చి అడుగుడు. కొత్త బ్యాటరీ వేయుడు. మైకు ఎక్కడనున్నదో చూడుడు. ఫోనును అక్కడ పట్టించి, దూరముననున్న బిడ్డకు పిలుపు కలిపి యిండు. మొదటి దినమున కుదరకున్న రెండవ దినమున స్పీకరుతోను, మూడవ దినమున 'టీ' మీటతోను యత్నింపుడు. మీలో ఎవరికైనను నల్లబల్ల దగ్గరి మాట స్పష్టముగా వినబడకున్నచో సిగ్గుపడక మాతో చెప్పుడు. ముందు వరుసలో చోటు ఇత్తుము, పరీక్షకు పోవు మార్గము చూపుదుము. కంటికి అద్దములు పెట్టుకొనిన వానిని మనము గేలి చేయుట లేదు గదా. చెవికి యంత్రము పెట్టుకొనిన వానిని చూచి నవ్వువాడు మా తరగతిలో ఉండరాదని మా కోరిక.